జ్వరం లేనివారిలో మలేరియాను వెతకడం: విశాఖ నగరానికీ మన్యానికీ ఒక సమగ్ర మార్గదర్శి

మలేరియా విస్తారంగా ఉన్న రోజుల్లో జ్వరంతో వచ్చిన ప్రతి ఒక్కరికీ రక్తపరీక్ష చేసి, పరాన్నజీవి కనిపించినవారికి పూర్తి మందులు మింగించి, ఇళ్లలో పిచికారీ చేయించి, దోమతెరలు పంచితే కేసులు ఏటికేడు దిగివస్తాయి. అవి వేళ్ల మీద లెక్కపెట్టగలిగే స్థాయికి వచ్చాక మాత్రం అదే పద్ధతి ఒకచోట ఆగిపోతుంది. అప్పటికి మిగిలిన పరాన్నజీవుల్లో గణనీయమైన భాగం ఆసుపత్రి గడప తొక్కని మనుషుల్లో, జ్వరం లేని శరీరాల్లో, సూక్ష్మదర్శినికి అందనంత తక్కువ సంఖ్యలో నిలిచి ఉంటుంది. 2027 నాటికి దేశంలో స్థానికంగా సోకే కేసులను సున్నాకు తేవాలనీ, 2030 నాటికి మలేరియాను నిర్మూలించాలనీ భారతదేశం గడువులు పెట్టుకున్నది. ఆ గడువులను అందుకోవాలంటే వెతికే పనిని జ్వరం ఉన్నవారితో ఆపకూడదు.

ఈ మార్గదర్శి ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల వైద్యాధికారులకు, మలేరియా విభాగపు సిబ్బందికి, ల్యాబ్ టెక్నీషియన్లకు, ఏఎన్ఎంలకు, ఆశా కార్యకర్తలకు ఉద్దేశించినది. విశాఖ నగరాన్నీ, 2022 ఏప్రిల్ 4న అల్లూరి సీతారామరాజు జిల్లాగా వేరుపడిన పాడేరు, అరకు ప్రాంతపు మన్యాన్నీ కలిపే చూశాను. పాలనాపరంగా అవి ఇప్పుడు రెండు జిల్లాలు. అయితే ఘాట్ రోడ్డు మీద బస్సులు, కొత్తవలస–కిరండూల్ మార్గంలో రైళ్లు రోజూ నడుస్తున్నంత కాలం మలేరియాకు సంబంధించినంతవరకు అవి ఒకే ప్రాంతం.

ఇన్ఫెక్షన్ ఎక్కడ దాగుతుంది

వెతకడానికి బయలుదేరే ముందు ఈ సంగతి స్పష్టంగా తెలియాలి, ఎందుకంటే దాగే చోటును బట్టి వెతికే పద్ధతి మారుతుంది.

మొదటి చోటు రక్తమే. పదేపదే మలేరియా సోకినవారికి కొంత నిరోధక శక్తి వస్తుంది. అది పరాన్నజీవిని పూర్తిగా చంపదు, జ్వరం రానంత తక్కువ సంఖ్యకు అణచి ఉంచుతుంది. పెద్దవారి శరీరంలో సుమారు 5 లీటర్ల రక్తం, అంటే 50 లక్షల మైక్రోలీటర్లు ఉంటుంది. ఒక్కో మైక్రోలీటరుకు ఒక్క పరాన్నజీవి ఉన్నా ఆ మనిషిలో 50 లక్షల పరాన్నజీవులు ఉన్నట్లే. మందపాటి రక్తపూతలో టెక్నీషియన్ 100 ఫీల్డులు (సూక్ష్మదర్శినిలో ఒక్కోసారి కనిపించే భాగాలు) చూసినప్పుడు ఆయన కంటికింద పడేది దాదాపు పావు మైక్రోలీటరు రక్తం మాత్రమే. కాబట్టి మైక్రోలీటరుకు నాలుగు పరాన్నజీవులు ఉన్న మనిషి పూతలో సగటున ఒకటి కనిపించాలి, దానికంటే తక్కువ ఉంటే ఎంత నిపుణుడికైనా దొరకకపోవచ్చు. క్షేత్ర పరిస్థితుల్లో సూక్ష్మదర్శిని మైక్రోలీటరుకు 50 నుంచి 100, అక్కడికక్కడే ఫలితం చూపే ఆర్డీటీ కిట్ 100 నుంచి 200 పరాన్నజీవులు ఉంటేనే నమ్మకంగా పట్టగలవు. పరాన్నజీవి డీఎన్ఏను వెతికే పీసీఆర్ పరీక్ష 1 నుంచి 5 వరకు, కొన్ని పద్ధతుల్లో అంతకంటే తక్కువకు కూడా దిగగలదు.

ఇంత తక్కువ పరాన్నజీవులు ఉన్నవారి నుంచి దోమకు సోకుతుందా అనే ప్రశ్న సహజం. ఒక్కొక్కరి నుంచి సోకే అవకాశం తక్కువే. అయితే అటువంటివారి సంఖ్య ఎక్కువ, వారిలో ఇన్ఫెక్షన్ నెలల తరబడి ఉంటుంది. వ్యాప్తి తక్కువగా ఉన్న ప్రాంతాల్లో మనిషి నుంచి దోమకు చేరే ఇన్ఫెక్షన్లలో 20 నుంచి 50 శాతం దాకా సూక్ష్మదర్శినికి అందని వాహకుల నుంచే వస్తుందని 2012లో వెలువడిన ఒక విశ్లేషణ అంచనా వేసింది.

రెండవ చోటు కాలేయం. వైవాక్స్ అనే రకం మలేరియాలో కొన్ని పరాన్నజీవులు కాలేయ కణాల్లో నిద్రాణంగా ఉండిపోయి, వారాల తరువాతో నెలల తరువాతో మళ్లీ రక్తంలోకి వస్తాయి. నిద్రాణ దశలో వాటిని పట్టే రక్తపరీక్ష క్షేత్రస్థాయిలో ఏదీ లేదు, పీసీఆర్‌కూ అందవు. ఆ మనిషి గత చరిత్ర ఒక్కటే మనకు ఆధారం.

మూడవది లోపలి అవయవాలు. ఫాల్సిపారం అనే మరో రకం మలేరియా పరాన్నజీవులు గర్భిణుల మాయలో పేరుకుంటాయి కనుక తల్లి వేలినుంచి తీసిన రక్తంలో ఏమీ కనిపించకపోవచ్చు. వైవాక్స్ విషయంలో ప్లీహంలోనూ ఎముక మజ్జలోనూ పెద్దసంఖ్యలో పరాన్నజీవులు ఉంటాయని ఇటీవలి పరిశోధనలు చూపించాయి.

నాలుగవది శరీరానికి బయట ఉన్నది, నా దృష్టిలో అన్నిటికంటే పెద్దది కూడా. మన జాబితాలో పేరు లేని మనిషి ఎంత సున్నితమైన యంత్రానికీ దొరకడు. పోడు పొలంలో పాక వేసుకుని పంట చేతికొచ్చేదాకా అక్కడే పడుకునే రైతు, మధురవాడలోనో పరవాడలోనో కట్టుబడి పనికి వచ్చి షెడ్డులో ఉంటున్న కూలీ, సర్వే రోజున సంతకు వెళ్లిన కుటుంబం ఈ కోవలోకి వస్తారు.

మొదటి అడుగు: పటం గీయడం

నగరానికీ మన్యానికీ పటాలు వేర్వేరుగా ఉండాలి, ఎందుకంటే దోమలు వేరు. నగరంలో మలేరియాను మోసేది ముఖ్యంగా అనాఫిలిస్ స్టీఫెన్సీ. ఇది శుభ్రమైన నిలవనీటిలో పుడుతుంది కాబట్టి మూతలేని డాబా ట్యాంకులు, వాడని బావులు, సంపులు, కట్టుబడిలో క్యూరింగ్ కోసం నిలిపిన నీరు పటంలోకి ఎక్కాలి. మన్యంలో కొండవాగుల అంచున నెమ్మదిగా కదిలే నీటిలో పుట్టే అనాఫిలిస్ ఫ్లూవియాటిలిస్ ప్రధానమైనది, దానికి తోడు అనాఫిలిస్ క్యూలిసిఫేసీస్ ఉంటుంది. అక్కడి పటంలో గ్రామం పేరు రాస్తే చాలదు. ఒక రెవెన్యూ గ్రామం కింద ఉండే ప్రతి గూడెం, ప్రతి పొలం పాకల గుంపు, వాగు నుంచి వాటి దూరం, వర్షాకాలంలో దారి మూసుకుపోయే చోట్లు విడివిడిగా గుర్తించాలి.

తరువాత ఆ పటం మీద గత 3 సంవత్సరాల కేసులను ఒక్కొక్కటిగా ఇంటి స్థాయిలో పెట్టండి. ఫాల్సిపారానికి ఒక రంగు, వైవాక్స్‌కు మరొకటి వాడండి. గర్భిణుల పరీక్షల్లో, ఆశ్రమ పాఠశాలల్లో, రక్తనిధుల్లో, ప్రైవేటు ల్యాబుల్లో తేలిన పాజిటివ్‌లనూ చేర్చండి. రక్తనిధి సమాచారాన్ని ప్రత్యేకంగా అడగమని ఎందుకంటున్నానంటే, దాత ఇచ్చిన రక్తానికి మలేరియా పరీక్ష మన దేశంలో తప్పనిసరి, పైగా దాత తాను ఆరోగ్యంగా ఉన్నానని నమ్మి వచ్చిన మనిషి. అక్కడ ఒక పాజిటివ్ వచ్చిందంటే లక్షణాలు లేని వాహకుడు ఒకరు తనంతట తానే మన ముందుకు వచ్చినట్లు. ఆ చిరునామా మలేరియా విభాగానికి అదే రోజు చేరేటట్లు ఏర్పాటు ఉండాలి.

విశాఖలోని పెద్దాసుపత్రులకు ఒడిశా, ఛత్తీస్‌గఢ్ నుంచి కూడా రోగులు వస్తారు. చికిత్స జరిగిన చోటును కాక రోగి రాత్రిళ్లు నిద్రించిన చోటును పటంలో పెట్టాలి, అనాఫిలిస్ దోమ కుట్టేది రాత్రిపూటే కనుక. కింగ్ జార్జ్ ఆసుపత్రిలో నమోదైన కేసులన్నిటినీ నగరపు కేసులుగా లెక్కవేస్తే పటం మొత్తం దారి తప్పుతుంది.

రెండవ అడుగు: ఎవరిని పరీక్షించాలో నిర్ణయించడం

అందరికీ పరీక్ష చేయాలన్న ఆలోచన వినడానికి బాగుంటుంది. వ్యాప్తిని ఆపడం కోసం మొత్తం జనాభాను పరీక్షించి చికిత్స చేసే విధానాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 మార్గదర్శకాల్లో సాధారణంగా సిఫారసు చేయలేదు. ఆర్డీటీకి అందనివారు మిగిలిపోవడం, సర్వే రోజున ఊళ్లో లేనివారు తప్పిపోవడం వల్ల దాని ఫలితం నిలవదు. కేసు బయటపడ్డాక దాని చుట్టూ చేసే అన్వేషణకు మాత్రం అదే సంస్థ షరతులతో మద్దతు ఇచ్చింది. అలాగని సామూహిక పరీక్ష ఎక్కడా పనికిరాదని కాదు. మన సరిహద్దు అవతల ఒడిశాలో 2017 నుంచి నడిచిన దమన్ కార్యక్రమంలో దారి లేని గ్రామాల్లో జ్వరం ఉన్నవారికీ లేనివారికీ విడతలవారీగా శిబిరాలు పెట్టి పరీక్షలు చేసి, దోమతెరలు, పిచికారీ, అవగాహన కలిపి అమలు చేశారు. అది మలేరియా భారం బాగా ఉన్న చోట, ఇతర పనులతో జతపరచి చేసినది. కోరాపుట్, మల్కనగిరి జిల్లాలను ఆనుకుని ఉన్న మన మారుమూల గూడేలకు ఆ నమూనా పనికివస్తుంది, నగరంలోని ఒక వార్డుకు పనికిరాదు.

మిగతా చోట్ల ఈ కింది వారిపై దృష్టి పెట్టాలి.

వైవాక్స్ వచ్చి తగ్గినవారు ముందుగా రావాలి. గత రెండు మూడేళ్ల రిజిస్టరు తెరిచి, కాలేయంలోని నిద్రాణ పరాన్నజీవులను చంపే ప్రైమాక్విన్ మాత్రలు 14 రోజులూ పూర్తయినట్లు నమోదు లేనివారందరి పేర్లు రాసుకోండి. వీరికి పరీక్షలో ఏమీ రాకపోయినా జాబితాలో ఉంచి, కొత్తగా జ్వరం వస్తే అదే రోజు పరీక్ష జరిగేటట్లు చూడాలి.

ఆశ్రమ పాఠశాలల విద్యార్థులు రెండవవారు. వేసవి సెలవుల తరువాత, దసరా, సంక్రాంతి సెలవుల తరువాత వారు వేర్వేరు గూడేల నుంచి ఒకే వసతిగృహానికి చేరుతారు. తిరిగివచ్చిన మొదటి వారంలో చేసే పరీక్ష వల్ల పాఠశాలకు రక్షణ కలుగుతుంది, పైగా ఏ గూడెంలో ఇన్ఫెక్షన్ మిగిలి ఉందో ఒకేచోట కూర్చుని తెలుసుకోవచ్చు. మన్యంలో ఇంతకంటే తక్కువ ఖర్చుతో ఇంత సమాచారం ఇచ్చే మార్గం నాకు కనిపించలేదు.

మలేరియా మిగిలిన ప్రాంతాల్లోని గర్భిణులకు ప్రతి పరిశీలనలోనూ జ్వరం ఉందా లేదా అని చూడకుండా పరీక్ష చేయాలి. ఆపై పోడు పొలాల్లో రాత్రిళ్లు ఉండేవారు, అటవీ ఉత్పత్తులకు వెళ్లేవారు, అడవుల్లో శిబిరాలు వేసే భద్రతా సిబ్బంది వస్తారు. నగరంలో జార్ఖండ్, ఒడిశా, ఛత్తీస్‌గఢ్ వంటి చోట్ల నుంచి కట్టుబడి పనికి బృందాలుగా వచ్చే కూలీలను చేరిన వారంలోపే చూడాలి. రోడ్డు మీద చెక్‌పోస్టు పెట్టి దాటేవారందరినీ పరీక్షించడం కంటే ఒకే ఊరి నుంచి కలిసి వచ్చిన బృందాన్ని పనిచోట పరీక్షించడం ఎక్కువ ఫలితమిస్తుంది.

మూడవ అడుగు: కాలం ఎంచుకోవడం

మన్యంలో వర్షాలు మొదలయ్యాక మలేరియా పెరుగుతుందని అందరికీ తెలుసు, అందుకే పరీక్షలూ అప్పుడే ఎక్కువ చేస్తారు. దాగిన ఇన్ఫెక్షన్‌ను వెతకవలసిన ముఖ్యకాలం దానికి ముందే, ఏప్రిల్, మే నెలల్లో ఉంది. ఆ ఎండల్లో దోమలు తక్కువ, కొత్తగా సోకడం తక్కువ, కాబట్టి పరాన్నజీవి ఒక వర్షాకాలం నుంచి మరో వర్షాకాలానికి దాటేది మనుషుల శరీరాల్లోనే. జూన్‌లో దోమలు పెరిగేసరికి ఈ కొద్దిమందికి చికిత్స పూర్తయి ఉంటే ఆ ఏటి వ్యాప్తి మొదలయ్యే చోటే తెగుతుంది. మొదటి విడత పిచికారీ కూడా ఆ రోజుల్లోనే జరుగుతుంది కనుక బృందాలు కలిసి వెళ్లవచ్చు. రెండవ గాలింపును వర్షాలు తగ్గాక నవంబరు తరువాత చేయవచ్చు. నగరంలో ట్యాంకుల్లో నీరు ఏడాది పొడుగునా ఉంటుంది కాబట్టి కాలం కంటే కూలీల రాకపోకలనే చూసుకోవాలి.

నాలుగవ అడుగు: ఒక్క కేసు బయటపడినా చుట్టూ వెతకడం

చైనా 2021 జూన్ 30న మలేరియా రహిత దేశంగా ధ్రువీకరణ పొందింది. అక్కడ పాటించిన క్రమాన్ని 1-3-7 అంటారు. కేసును 1 రోజులో నివేదించాలి, 3 రోజుల్లో విచారణ పూర్తిచేసి ఎక్కడ సోకిందో తేల్చాలి, 7 రోజుల్లోపు ఆ ప్రదేశంలో వెతుకులాట, దోమల నివారణ ముగించాలి. మన దగ్గర మొదటి మెట్టులోనే ఆలస్యం జరుగుతుంటుంది. ప్రైవేటు ల్యాబులో శనివారం సాయంత్రం తేలిన పాజిటివ్ సోమవారం మధ్యాహ్నానికి గానీ వార్డు ఏఎన్ఎంకు చేరకపోతే మిగతా గడువులన్నీ కాగితం మీదే ఉంటాయి. అందువల్ల వారానికి ఏడు రోజులూ ఫోను ఎత్తే ఒక వ్యక్తిని ముందే నియమించాలి.

విచారణలో అడగవలసిన ప్రశ్నలు తక్కువే, వాటిని ఓపికగా అడగాలి. గత నెల రోజుల్లో ప్రతి రాత్రీ ఎక్కడ పడుకున్నారు, ఎవరితో కలిసి ప్రయాణించారు, గత 3 ఏళ్లలో ఎప్పుడైనా మలేరియా వచ్చిందా, వస్తే ఏ మందులు ఎన్నాళ్లు వాడారు, రక్తం ఎక్కించుకున్నారా అన్నవి తప్పనిసరి. ఫాల్సిపారం సాధారణంగా దోమ కుట్టిన 9 నుంచి 14 రోజులకు, వైవాక్స్ 12 నుంచి 17 రోజులకు లక్షణాలు చూపుతుంది. వైవాక్స్ తిరగబెట్టిన కేసుల్లో అసలు సోకింది ఏడాది క్రితం కావచ్చు. ఈ సమాధానాలను బట్టి కేసు స్థానికంగా సోకిందా, బయటినుంచి వచ్చిందా, తిరగబెట్టిందా అన్నది వర్గీకరించాలి. నగరంలో దొరికిన కేసులో కుట్టిన దోమ మన్యంలోనిదని తేలితే, ఆ రాత్రిళ్లు గడిపిన గూడేనికి అదే రోజు కబురు వెళ్లాలి. రెండు జిల్లాల మధ్య ఈ కబురు ఆగిపోవడం వల్ల జరిగే నష్టం చాలా పెద్దది.

చుట్టూ ఎంత దూరం వెతకాలన్నది దేశాన్ని బట్టి 100 మీటర్ల నుంచి కిలోమీటరు దాకా మారుతుంది. నగరంలో ఆ భవనం, ఆనుకుని ఉన్న ఇళ్లు, అదే ట్యాంకు నీరు వాడేవారు మొదట వస్తారు. మన్యంలో గూడెం మొత్తాన్నీ ఒకటిగా తీసుకోవడమే మేలు. అయితే దూరాన్ని ఒక్కటే కొలతగా పెట్టుకుంటే తప్పిపోయేవారు చాలామంది ఉంటారు. రోగితో కలిసి అడవికి వెళ్లినవారు, పక్క మండలంలో పనికి వెళ్లి ఒకే షెడ్డులో పడుకున్నవారు పొరుగింటివారి కంటే ఎక్కువ ప్రమాదంలో ఉంటారు. కాబట్టి ఇళ్ల జాబితాతో పాటు సహప్రయాణికుల జాబితా కూడా రాసి, వారు ఏ ఊరిలో ఉన్నా వెతికించాలి. మొదటి రౌండు నెగటివ్ వచ్చినవారికి నెల తరువాత మరోసారి పరీక్ష చేస్తే, మొదటిసారికి ఇంకా కాలేయంలోనే ఉన్న కొత్త ఇన్ఫెక్షన్లు బయటపడతాయి.

ఐదవ అడుగు: ఆరోగ్యంగా ఉన్న మనిషిని ఒప్పించడం

జ్వరం లేని మనిషి వేలికి సూది గుచ్చనివ్వడం మనకు చేసే ఉపకారం. అది మరిచి హడావుడిగా వెళ్తే రెండవసారి తలుపు తీయరు. గూడెంలో వార్డు సభ్యులకు, కులపెద్దలకు ముందురోజే చెప్పి, పొలాలకు వెళ్లకముందు తెల్లవారుజామునో, తిరిగివచ్చాక సాయంత్రమో వెళ్లాలి. సంత రోజున గూడెంలో ఎవరూ ఉండరు, ఆ రోజున సంతలోనే బల్ల వేసుకోవచ్చు. కువి, ఆదివాసీ ఒడియా మాట్లాడే గూడేలకు ఆ భాష వచ్చిన ఆశా కార్యకర్త లేకుండా వెళ్లడంలో అర్థం లేదు.

మాట ఇలా ఉంటే సరిపోతుంది: “అమ్మా, మీకు జ్వరం లేదని మాకు తెలుసు. కొందరిలో ఈ జ్వరపు పురుగు పైకి తెలియకుండా లోపలే ఉండి, దోమ ద్వారా ఇంట్లో పిల్లలకు అంటుకుంటుంది. ఒక్క చుక్క రక్తం చూస్తాం. ఉన్నట్లయితే మందులు మేమే తెచ్చి ఇస్తాం, డబ్బులేమీ అక్కర్లేదు.” కూలీలకైతే పాజిటివ్ వస్తే పని పోతుందేమోనన్న భయం ఉంటుంది. గుత్తేదారుతో ముందే మాట్లాడి, ఫలితాన్ని కూలీకి మాత్రమే చెప్పాలి. వద్దన్నవారి పేరును తిరిగి వెళ్లవలసిన జాబితాలో రాయాలి తప్ప నెగటివ్‌ల లెక్కలో కలపకూడదు.

ఆరవ అడుగు: రక్తనమూనా సరిగ్గా తీయడం

ఎడమచేతి ఉంగరపు వేలి పక్కభాగాన్ని స్పిరిట్‌తో తుడిచి, ఆరనిచ్చి, లాన్సెట్‌తో గుచ్చి, మొదటి చుక్కను తుడిచేయాలి. పసిపిల్లలకు మడమనుంచి తీయాలి. మందపాటి పూత 10 నుంచి 12 మిల్లీమీటర్ల వెడల్పుతో, కింద అచ్చు అక్షరాలు పెడితే చదవగలిగేంత మందంగా ఉండాలి. మందపాటి పూతకు మిథనాల్ తగలకూడదు, తగిలితే ఎర్రకణాలు విడిపోవు. పలుచటి పూతకు మాత్రం మిథనాల్ అవసరం. సముద్రపు గాలిలో తేమ ఎక్కువ కాబట్టి విశాఖలో పూతలు ఆరడానికి సమయం పడుతుంది, మధ్యలో ఈగలు, చీమలు తినేస్తాయి. మూత ఉన్న స్లైడు పెట్టెలో అడ్డంగా ఆరబెట్టండి. తీసిన మరుసటి రోజుకల్లా జేఎస్‌బీ లేదా జీమ్సా రంగు వేయాలి. జ్వరం లేనివారి పూతలో 100 ఫీల్డులకే నెగటివ్ అని రాయకుండా 200 చూడమని నా సూచన. రోజుకు వందల స్లైడులు ఒకే టెక్నీషియన్‌పై పెడితే ఇది జరగదు. సర్వే రోజుల్లో సంఖ్య తగ్గించైనా నాణ్యత కాపాడాలి.

ఆర్డీటీకి 5 మైక్రోలీటర్ల రక్తం, కిట్‌లో చెప్పినన్ని బఫర్ చుక్కలు వేసి, చెప్పిన నిమిషాలకే చదవాలి. చాలా కిట్‌లను 30 డిగ్రీల లోపు ఉంచాలి. మే నెలలో జీపు వెనకసీటు మీద ఎండలో వదిలిన కిట్, పరీక్ష సరిగ్గా నడిచిందని తెలిపే కంట్రోల్ గీత చూపుతూనే తప్పుడు నెగటివ్ ఇవ్వగలదు.

పీసీఆర్ కోసం ఫిల్టర్ పేపర్ మీద రక్తపు చుక్కలు వేసి, చేయి తగలకుండా పూర్తిగా, వీలైతే రాత్రంతా ఆరనిచ్చి, ఒక్కో కాగితాన్ని విడిగా సిలికా జెల్‌తో జిప్ కవరులో ఉంచాలి. సిలికా జెల్ రంగు మారితే మార్చాలి. తడి ఆరకుండా మూసిన కాగితానికి బూజు పట్టి, డీఎన్ఏ పాడవుతుంది. ఒక 3 మిల్లీమీటర్ల ముక్కలో ఉండేది సుమారు 3 మైక్రోలీటర్ల రక్తమే కాబట్టి, ఇంకా సున్నితంగా వెతకాలంటే సిర నుంచి తీసిన రక్తం కావాలి.

ఏడవ అడుగు: పరీక్షను ఎంచుకోవడం, ఫలితాన్ని అర్థం చేసుకోవడం

అక్కడికక్కడే మందు ఇవ్వడానికి ఆర్డీటీ, దానితో పాటు రక్తపూత సరిపోతాయి. రెండు రకాల పరాన్నజీవులనూ పట్టే కిట్‌నే వాడాలి. అందులో ఫాల్సిపారం గీత సాధారణంగా హెచ్‌ఆర్‌పీ2 అనే ప్రోటీన్ మీద ఆధారపడుతుంది. చికిత్స పూర్తయ్యాక కూడా ఈ ప్రోటీన్ రక్తంలో కొన్ని వారాలు నిలుస్తుంది కనుక, ఇటీవల మందు వాడిన మనిషిలో ఆ గీత కొత్త ఇన్ఫెక్షన్ కాకపోవచ్చు. దానికి విరుద్ధంగా, ఆ ప్రోటీన్ జన్యువు లోపించిన ఫాల్సిపారం రకాలు అసలు గీతే చూపవు. ఆర్డీటీ నెగటివ్, పూత పాజిటివ్ వచ్చిన ప్రతి ఫాల్సిపారం నమూనానూ భద్రపరచి పైస్థాయి ప్రయోగశాలకు పంపాలి. ఇలాంటి లోపం వల్ల 5 శాతం కేసులు తప్పిపోతుంటే కిట్ మార్చాలన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ నియమం.

పీసీఆర్ ఫలితం మూడు వారాలకు వస్తే, అప్పటికి ఆ కూలీ మరో ఊరు వెళ్లిపోయి ఉంటాడు. అందుకే పీసీఆర్‌ను రెండు పనులకు పరిమితం చేయడం తెలివైన పని. కేసులు ఆగినట్లు కనిపిస్తున్న గూడెంలో నిజంగా ఎంత మిగిలి ఉందో కొలవడం ఒకటి, కేసు చుట్టూ వెతికినప్పుడు దగ్గరివారిని జల్లెడ పట్టడం రెండవది. పాజిటివ్‌లు చాలా అరుదుగా ఉన్నచోట ఐదు లేదా పది నమూనాలను కలిపి పరీక్షించి, పాజిటివ్ వచ్చిన గుంపును మాత్రమే విడదీస్తే ఖర్చు బాగా తగ్గుతుంది, కొంత సున్నితత్వం తగ్గుతుందని గుర్తుంచుకోవాలి. కరోనా కాలంలో సమకూరిన ఆర్‌టీపీసీఆర్ యంత్రాలు తగిన ప్రైమర్లు, కంట్రోళ్లు, శిక్షణ ఉంటే ఈ పనికి ఉపయోగపడతాయి. పీసీఆర్ లాగే డీఎన్ఏను వెతికే ల్యాంప్ అనే పద్ధతి ఒకే ఉష్ణోగ్రత వద్ద సుమారు గంటలో పూర్తవుతుంది, కాబట్టి మన్యంలోని ఏరియా ఆసుపత్రి స్థాయికి అది అనువైనది.

ఇక్కడ రెండు లెక్కలు వేసి చూడండి. వెయ్యిమందిలో నలుగురికి ఇన్ఫెక్షన్ ఉందనుకుందాం. పరీక్ష సగం మందినే పట్టగలదు, ఇన్ఫెక్షన్ లేనివారిలో నూటికి ఒకరిని పొరపాటున పాజిటివ్ అంటుంది. అప్పుడు వచ్చే 12 పాజిటివ్‌లలో నిజమైనవి 2, తప్పుడువి 10. అందువల్ల కేసులు అరుదైన చోట ఒక్క ఆర్డీటీ గీతతో గూడేన్ని కలవరపెట్టకుండా పూతతో, వీలైతే పీసీఆర్‌తో నిర్ధారించాలి. అలాగని మందును ఆపి ఉంచకూడదు, ఆ నిర్ణయం వైద్యాధికారి వెంటనే తీసుకోవాలి.

రెండవ లెక్క సున్నాకు సంబంధించినది. పెద్ద జనాభా నుంచి ఏ మొగ్గూ లేకుండా ఎంచుకున్న 300 మందిలో ఒక్క పాజిటివ్ కూడా రాకపోతే, ఇన్ఫెక్షన్ లేదని తేలినట్లు కాదు. 3ను 300తో భాగిస్తే వచ్చే 1 శాతం దాకా ఉండే అవకాశం ఇంకా ఉంది. పరీక్ష సగం మందినే పట్టేదైతే అది 2 శాతం దాకా కావచ్చు. ఆ 300 మందీ మధ్యాహ్నం ఇంట్లో దొరికిన ఆడవాళ్లు, పిల్లలు మాత్రమే అయితే అసలు ఈ లెక్కే చెల్లదు.

ఎనిమిదవ అడుగు: దొరికిన ఇన్ఫెక్షన్‌ను పూర్తిగా తొలగించడం

లక్షణాలు లేకపోయినా చికిత్స జ్వరం ఉన్నవారితో సమానంగా జరగాలి. మోతాదులు వయసును, బరువును బట్టి, అమలులో ఉన్న జాతీయ ఔషధ విధానాన్ని అనుసరించి వైద్యాధికారి నిర్ణయించాలి. వైవాక్స్‌కు కిలో బరువుకు 25 మిల్లీగ్రాముల క్లోరోక్విన్ 3 రోజుల్లో, కిలోకు 0.25 మిల్లీగ్రాముల ప్రైమాక్విన్ రోజూ 14 రోజులు వాడే పద్ధతి మన దేశంలో స్థిరపడింది. ఫాల్సిపారానికి ఆర్టెమిసినిన్ మిశ్రమ చికిత్స 3 రోజులు, దోమకు సోకించే దశను చంపడానికి ఒక్క మోతాదు ప్రైమాక్విన్ ఇస్తారు.

జ్వరంతో బాధపడిన మనిషే 14 రోజుల మాత్రలు మధ్యలో మానేస్తుంటాడు, ఏ బాధా లేని మనిషి మానడంలో ఆశ్చర్యం లేదు. కాబట్టి ఆశా కార్యకర్త ఎదుటే మింగించడం, ఖాళీ పొట్టతో వేసుకోవద్దని చెప్పడం, ప్రతి మోతాదుకూ కార్డు మీద గుర్తు పెట్టడం తప్పనిసరి. మనిషి మధ్యలో ఊరు మారితే మిగిలిన మాత్రల వివరం ఆ ఊరి ఏఎన్ఎంకు వెళ్లాలి.

ప్రైమాక్విన్‌తో జాగ్రత్త అవసరం. గర్భిణులకు, ఏడాదిలోపు పిల్లలకు ఇవ్వకూడదు. జీ6పీడీ అనే ఎంజైమ్ లోపం ఉన్నవారిలో ఇది ఎర్రకణాలను విచ్ఛిన్నం చేస్తుంది. ఈ లోపం కొన్ని గిరిజన సమూహాల్లో ఎక్కువగా ఉంటుంది కాబట్టి, మన్యంలో ఇచ్చే ముందు జీ6పీడీ పరీక్ష అందుబాటులోకి తేవడం ఎంతైనా అవసరం. సాధారణ గుణాత్మక పరీక్ష పురుషుల్లో స్పష్టంగా చెబుతుంది, పాక్షిక లోపం ఉన్న స్త్రీలలో మామూలుగా ఉన్నట్లు చూపవచ్చు. మూత్రం నల్లగానో ముదురు ఎరుపుగానో వచ్చినా, కళ్లు పచ్చబడినా, ఆయాసం వచ్చినా మాత్ర ఆపి వెంటనే ఆసుపత్రికి రావాలని ఇంటిల్లిపాదికీ చెప్పాలి. ఆరోగ్యంగా ఉన్న మనిషిని వెతికి పట్టుకుని మందు ఇచ్చాం కాబట్టి, ఆ మందు వల్ల ఆయనకు హాని జరగకుండా చూసే బాధ్యత మనదే. దారి లేని గూడెం నుంచి డోలీలో మోసుకురావలసిన పరిస్థితి ఉంటే రవాణా ఏర్పాటు ముందే ఆలోచించాలి.

తొమ్మిదవ అడుగు: సున్నాను నమోదు చేయడం

కేసులు లేవని రాసిన ప్రతి నెలా నివేదికలో ఎందరిని పరీక్షించారు, వారిలో జ్వరం లేనివారు ఎందరు, ఏ గూడేలకు ఎవరూ వెళ్లలేకపోయారు అనే మూడు వివరాలు పక్కనే ఉండాలి. ఏడాదిలో జనాభాలో కనీసం 10 శాతం మందికి రక్తపరీక్ష జరగాలన్న పాత కొలమానం సగటును చెబుతుంది. రోడ్డు పక్క ఊళ్లలో 20 శాతం, కొండమీది గూడెంలో శూన్యం అయినా సగటు బాగానే కనిపిస్తుంది. అందుకే గూడెం వారీగా చూడాలి. నెగటివ్ స్లైడులలో కొంత భాగాన్ని ఎవరివో తెలియకుండా మరొక టెక్నీషియన్ చేత మళ్లీ చూపించాలి.

స్థానికంగా సోకిన కేసు ఈ ఏడాది ఉన్న ప్రదేశాన్ని క్రియాశీలమనీ, వ్యాప్తి ఆగి 3 ఏళ్లు దాటని ప్రదేశాన్ని అవశిష్టమనీ, 3 ఏళ్లకు మించి ఒక్క స్థానిక కేసూ లేనిదాన్ని విముక్తమనీ వర్గీకరిస్తారు. దేశానికి ధ్రువీకరణ రావడానికి కూడా వరుసగా 3 ఏళ్లు స్థానిక వ్యాప్తి లేకపోవడమే ప్రమాణం. అవశిష్ట ప్రదేశంలో వైవాక్స్ కేసు ఒకటి వస్తే, అది పాత ఇన్ఫెక్షన్ తిరగబెట్టినదా, కొత్తగా సోకినదా అన్నది తేలేదాకా కొత్తదిగానే భావించి చుట్టూ వెతకాలి. విముక్తమని రాసిన గూడెంలో పిచికారీ తగ్గించవచ్చేమో గానీ, గర్భిణులకూ ఆశ్రమ పాఠశాల పిల్లలకూ చేసే పరీక్షలను, వైవాక్స్ వచ్చి తగ్గినవారి జాబితాను మాత్రం ఆపకూడదు. గర్భం కారణంగా ప్రైమాక్విన్ ఇవ్వలేకపోయిన ప్రతి తల్లి పేరూ ఆ జాబితాలో ఉండాలి. ప్రసవం తరువాత, పాలిచ్చే కాలాన్ని బట్టి వైద్యాధికారి అనుమతించిన తేదీని ఆమె కార్డు మీదా, ఏఎన్ఎం రిజిస్టరులోనూ రాసి, ఆమె పుట్టింటికి వెళ్లి ఉంటే ఆ ఊరి ఉపకేంద్రానికి తెలియజేసి, 14 రోజుల మాత్రలూ పూర్తయ్యాకే ఆమె వరుసను మూసివేయాలి.